వంతెన నడిమి జాగ

ఇరవై రెండేళ్లుగా నేను చూసిన లోకం
వేలెడంత గాజుపలక మీద ఉంది.
ఊదా మరకలో తేలే కణాలు,
వాటి నడుమ ఎక్కడో ఒక ఉంగరం.
పెళ్లికూతురి వేలిది కాదు,
జ్వరం తొడిగింది.

సిరొంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు.
రెండు గదుల దవాఖాన.
మరాఠీలో రాసే రిజిస్టరు,
తెలుగులో మూలిగే ముసలివాళ్లు,
గోండిలో ఏడ్చే పిల్లలు.
మైక్రోస్కోపుకు ఏ భాషా రాదు, అదే నయం.

మొదట్లో చలి ముదిరితే నాకు తీరిక దొరికేది.
పలకలు కడిగి ఎండబెట్టి
మధ్యాహ్నాలు కునుకు తీసిన పుష్యమాసాలున్నాయి.
శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందనేవారు,
ఈ మధ్య అది రావడమే మరిచింది.
ఆరుద్రలో పడాల్సిన వాన చిత్తలో వచ్చి
ఏడాది బాకీ ఒక్క రాత్రే తీర్చిపోతుంది.
బ్యారేజీ వెనక నీళ్లు పత్తిచేలలోకి నడిచొచ్చి
దసరా దాకా లేవవు.
దోమకు పంచాంగం అక్కర్లేదు.

మాఘం వెళ్లగానే మావాళ్లు మిర్చి ఏరను అవతలికి పోతారు.
చేలోనే వంట, చేలోనే పడక.
తిరిగొచ్చేటప్పుడు కూలి కింద ఒక బస్తా మిరపకాయలు,
చంకలో ఒళ్లు కాలే పిల్ల.

ఇటువైపు పరీక్ష కిట్లు నిండుకుంటే
ఆశా పనిచేసే సిడాం మోతుబాయి సైకిలెక్కుతుంది.
వంతెన సగంలో
ఒక రాష్ట్రం తారు ఆగి ఇంకో రాష్ట్రం తారు మొదలయ్యేచోట
ఒక ఇనుప అతుకు ఉంది.
అవతలి నుంచి నర్సు ఎలిసమ్మ వస్తుంది,
టిఫిను డబ్బాలో ఇరవై ఐదు కిట్లు.
బదులుగా మోతుబాయి ఒక చీటీ ఇస్తుంది:
ఏ ఆసామి చేలో ఎవరు పండుకున్నారు,
ఎవరు మాత్రలు మూడు రోజులూ మింగారు,
ఎవరు రెండోనాడే మానేశారు.
ఇది ఏ రిజిస్టరులోనూ ఎక్కదు.
ఎక్కితే ఇద్దరి ఉద్యోగమూ పోతుంది.

మొన్న వేసవిలో మూడు కార్లలో పెద్దలొచ్చారు.
వాన కొలిచే గొట్టం, ఎండ కొలిచే పెట్టె నాటారు.
అందులో ఒకామె మంచు దేశపు మనిషి.
మంచిదే. నా స్టూలు మీద కూర్చుని
పలక వంక చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు.
తన ఊరి మంచుకొండ కరిగిపోతోందని ఫోనులో చూపించింది.
మోతుబాయి బొమ్మ మీద వేలు పెట్టి
"సల్లగుంటదా?" అనడిగింది.

తర్వాత మాటలు. భాగస్వామ్యం, భాగస్వామ్యం.
దుబాసీ దాన్ని భాగీదారీ అన్నాడు.
ఆ మాట మోతుబాయికి తెలుసు,
ఆమె మగడు మూడెకరాలు పాలుకు చేసినవాడే.
"పాలంటే పంటలోనా సారూ, నష్టంలోనా?
పొగ మా ఇంట్ల పుట్టలే.
ఎండ మాత్రం మా పాలికే వచ్చింది."
దుబాసీ నవ్వాడు. తర్జుమా చేయలేదు.

అదే వారం కుమ్రం బాపును మోసుకొచ్చారు.
ముప్పై ఏళ్లు. మిర్చి కల్లంలో పడిపోయాడట.
రక్తం తీశాను, వంద చూపులు చూశాను.
ఉంగరం లేదు. పలక శుభ్రం.
నెగెటివ్ అని రాశాను.
నేను రాసేలోపే పోయాడు.
ఎండకు ఉంగరం ఉండదు.
పెట్టెలో మాత్రం నలభై ఆరున్నర అని పడింది,
ఆ అంకె ఎక్కడికో వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి
ఎలిసమ్మ డబ్బాలో కిట్లతో పాటు
ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లాలు వస్తున్నాయి.
మోతుబాయి పొద్దున్నే పెట్టె చూసి ఫోను చేస్తుంది:
"ఇయ్యాల పదింటికే చేను వదిలిపెట్టమను. మీ ఆసాములకు చెప్పు."
కొందరు వింటారు. కొందరు కసురుతారు.

భాగస్వాముల పేర్లు అడిగే కాగితం ఒకటి
నా బల్ల మీద ఇంకా ఖాళీగా ఉంది.

నిన్న నేనూ వెంట వెళ్లాను.
ఇసుక లారీ పోతుంటే వంతెన వణికింది.
ఇనుప అతుకుకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు
డబ్బాను గట్టిగా పట్టుకున్నారు,
అడుగు ఒకరి చేతిలో,
మూత ఒకరి చేతిలో.